మహానందమ్మ తల ఎత్తిన రాయి

అహోబల క్షేత్రాన నృసింహస్వామి స్తంభం చీల్చుకొని వెలువడిన నాటి నుండి నేటి వరకు ఎన్ని మన్వంతరాలు గడిచాయో లెక్క చెప్పగల పంచాంగకర్త ఇంకా పుట్టలేదు గాని, ఆ కొండలకు కూతవేటు దూరాన ఉన్న ఆళ్లగడ్డలో, నంద్యాల జిల్లా కేంద్రమైన నాలుగో ఏట, విశ్వావసు నామ సంవత్సర కార్తిక బహుళ పక్షంలో వచ్చిన ఒకానొక ఆదివారం ఉదయాన, పెళ్లయి ఇరవై నాలుగేళ్లు నిండి, ఆ ఇరవై నాలుగేళ్లూ భర్త చెక్కిన మూర్తులకు నునుపు పడుతూ వచ్చిన మహానందమ్మ అనే శిల్పి ఇల్లాలు తన బతుకులో మొదటిసారి ఒక రాయి విషయంలో అబద్ధమాడింది. అదీ నోటితో కాదు, తలతో.

ఆమె భర్త మద్దిలేటాచారి. చాగలమర్రికి పోయే రహదారి పక్కన ఆయన రేకుల షెడ్డు. ముందు వరుసలో చేయెత్తిన నాయకులు, గేటుకు అటూ ఇటూ నిలపడానికి సింహాలు. వెనుక నీడలో, గడ్డిమోపుల మధ్య, దేవతామూర్తులు. ఉలిపని ఆచారిది. ఉలి వదిలిన చోట మహానందమ్మ పని మొదలవుతుంది. గరుకురాయి ముక్క పట్టుకొని, నీళ్లు చిలకరిస్తూ, స్వామి చెక్కిలి నున్నబడేదాకా దినాల తరబడి రుద్దుతుంది. రుద్ది రుద్ది ఆమె వేళ్ల మీది గీతలు చెరిగిపోయాయి. రేషను బియ్యానికి పోతే, వేలిముద్ర మిషను ఆమెను మనిషిగా ఒప్పుకోదు. మూర్తి పూర్తయిన దినాన ఊరివాళ్లు ఆచారికి శాలువా కప్పుతారు. నునుపు పట్టిన చేతులు అప్పటికి వంటింట్లో ఉంటాయి.

అయితే ఆ షెడ్డులో ఆమెకు మరొక పని ఉండేది. అది ఎవరికీ తెలియదు. ఆలుమగలు కూడా దానిని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

రాతికి స్వరం ఉంటుందని శిల్పశాస్త్రం చెబుతుంది. సుత్తితో తట్టినప్పుడు గంటలా మోగేది పురుషశిల. కంచు తాళాలు మోగినట్లు సన్నగా, తీయగా పలికేది స్త్రీశిల. పలకనిది మెట్టుకు పనికివస్తుంది గాని మూర్తికి పనికిరాదు. లోపల చీలిక దాచుకొన్న రాయి వీటన్నిటికంటె ప్రమాదకరం. పైకి నిగనిగలాడుతుంది, సగం పని అయ్యేదాకా ఓర్చుకుంటుంది, ఆపైన ఒక్క దెబ్బకు రెండవుతుంది. అట్లాంటి రాతిని తట్టి కనిపెట్టడంలో మద్దిలేటాచారికి పెద్ద పేరు. ఆ పేరు నిజమే, కాని అది ఆరేళ్ల కిందటి మాట. కోత మిషను రొద ఆయన చెవుల్లోని సన్నని స్వరాలన్నిటినీ కొద్దికొద్దిగా తినేసింది. మాట వినబడుతుంది, లారీ హారను వినబడుతుంది. రాయి పలుకు మాత్రం వినబడదు.

ఒకనాడు ఆయన వినాయకుడి కోసం ఒక రాతిని తట్టాడు. దూరాన రుద్దుతున్న మహానందమ్మకు ఆ మోతలో చిన్న జీర వినిపించింది. ఆమె తల ఎత్తలేదు. ఆయన మరో రాతిని తట్టాడు. అది చక్కగా మోగింది. ఆమె అనుకోకుండానే తల ఎత్తింది. ఆయన ఆ ముఖం చూసి, మారుమాట లేకుండా రెండో రాతినే తీసుకొన్నాడు. అది మొదలు అదే వాడుకైంది. ఆయన తట్టడం, ఆమె వైపు చూడడం. ఆమె తల ఎత్తితే మంచిరాయి, ఎత్తకపోతే కాదు. పగలంతా నాలుగు మాటలైనా మాట్లాడని ఆ మగడు ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి నిండుగా చూసేవాడు. ఆ చూపును మహానందమ్మ తాళిబొట్టులాగా దాచుకొన్నది.

ఇట్లా ఉండగా ఆ వేసవిలో పార్థసారథి వచ్చాడు. అతడు అహోబిలంలో అర్చకుల ఇంటి పిల్లవాడు. చదువుకొని, నంద్యాల రైల్వేస్టేషను దగ్గర యాత్రల ఆఫీసు తెరిచాడు. పట్నాల నుండి కొత్త జంటలను రెండు దినాలకు పిలిపించి, ఎవరూ చేయించని పనులు వారిచేత చేయించడం అతడి కొత్త ఆలోచన. శనివారం నంద్యాలలో, రైసుమిల్లు వాకిట జంటకు కళ్లకు గంతలు కట్టి, వాసన బట్టి ఏ గుప్పిట నంద్యాల సోనా బియ్యమో చెప్పమంటారు. గెలిచినవాళ్లు కూర్చోవాలి, ఓడినవాళ్లు ఆ బియ్యం వండి వడ్డించాలి. ఆదివారం ఆళ్లగడ్డకు వచ్చి, ఒక నల్లరాతి పలక మీద భార్య అరచేతిని భర్త, భర్త అరచేతిని భార్య గీసి, ఆ గీత వెంట తామే చెక్కుకోవాలి. చెక్కడం నేర్పేవాడు మద్దిలేటాచారి. చివరి గంటలో నునుపు పట్టడం చూపేది మహానందమ్మ. ఆ చివరి గంటకు జంటలు అలిసిపోయి సెల్‌ఫోన్లు చూసుకొంటూ ఉంటాయి.

ఆదివారం వస్తే ఆచారి తెల్లవారకముందే తలంటుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాడు. షెడ్డులో రుద్దుడు పనికి వచ్చే మణెమ్మ ఊరుకొంటుందా?

"ఏందీ మహానందక్కా, ఆచారన్న ఆదివారమైతే పెండ్లికొడుకు మాదిరి తయారయితాండాడు? సోమవారం మాత్రం ఆ బూడిద రంగు బనీనే!"

"సోమవారం ఈడ ఉండేది నువ్వూ నేనే గదమ్మా. మనల్ను చూసి మురిసేదానికి మనమేమన్న పట్నం నుంచి వచ్చినామా?" అన్నది మహానందమ్మ, నవ్వుతున్నట్లే.

కాని లోపల నవ్వు లేదు. పెళ్లయిన మరుసటి ఏడు ఆమె ముచ్చటపడి చిన్న ఉలిని చేతికి తీసుకొంటే, ఆయన తల తిప్పకుండానే, "మన ఇండ్లల్లో ఆడోళ్లు ఉలి పట్టరు, పెట్టాడ" అన్నాడు. ఆమె పెట్టేసింది. ఇప్పుడు నిన్న మొన్న పుట్టిన పిల్లలు, గోళ్లరంగు ఆరని వేళ్లతో అదే ఉలి పట్టుకొంటుంటే, ఆయన పక్కన గొంతుకూర్చొని, ఆమె ఎన్నడూ ఎరుగని మెత్తని గొంతుతో పాఠం చెబుతున్నాడు. ఆ గొంతు ఇన్నేళ్లూ ఎక్కడ దాచాడు? ఈర్ష్య కంట్లో నలుసువంటిదని పెద్దలు వైరాగ్యబోధ చేస్తారు గాని, ఆమెకది నలుసు కాదు, రాతిపొడి. తుడిచేకొద్దీ ఇంకా గరగరలాడేది.

ఆ కార్తిక ఆదివారం వచ్చిన జంట శ్రీవిష్ణు, మృదుల. ఊరు హైదరాబాదు, పెళ్లయి ఏడాది. కారు దిగుతూనే ఆ పిల్ల చేతులు జోడించి, "నమస్తే ఆంటీ!" అన్నది. మహానందమ్మకు నలభై మూడేళ్లు. ఆంటీ అనిపించుకోవడానికి అది చాలిన వయసే. అయినా ఆ పిలుపు ఆమెకు తగలవలసిన చోటే తగిలింది.

మిగతా జంటలకు రాతిని ఆచారి ముందే ఎంచి పెట్టేవాడు. ఈ పిల్ల ఊరుకోలేదు. "మా రాయిని మేమే చూసుకుంటాం అంకుల్. ఎలా ఎంచుతారో చూపించండి" అన్నది. ఆచారి మురిసిపోయాడు. గోడవార వరుసగా ఆనించిన పలకల దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయి, ఒకదానిని సుత్తితో తట్టాడు. తట్టి, ఇరవై నాలుగేళ్లలో భార్యతో ఒక్కసారైనా అనని మాట అన్నాడు.

"ఈడ చెవి పెట్టు తల్లీ. మోత ఎట్లుండాదో చెప్పు."

మృదుల జుట్టు వెనక్కి తోసుకొని రాతికి చెవి ఆనించింది. ఆయన మళ్లీ తట్టాడు.

"భలే ఉంది అంకుల్! గుళ్లో గంట మోగినట్టుంది!"

అది గంట కాదు. బీటువారిన కుండకు చెంబు తగిలినట్లున్నది ఆ మోత. పది గజాల దూరాన అమ్మవారి పాదానికి నునుపు పడుతున్న మహానందమ్మకు ఆ జీర స్పష్టంగా వినిపించింది. ఉలి పోయింది, మెత్తని గొంతు పోయింది. ఈ చెవి ఒక్కటీ తనదనుకొన్నది. దానిని కూడా ఆయన ఎవరో పిల్లకు పిలిచి ఇచ్చాడు! "చెవి గలది వచ్చింది గదా, అనుభవించనీ" అనుకొన్నది. ఆచారి ఎప్పటి అలవాటుగా ఆమె వైపు చూశాడు.

మహానందమ్మ తల ఎత్తింది.

"ఇదే మంచిది. తీసుకోండప్పా" అన్నాడు ఆచారి.

మండుటెండలో మజ్జిగ తాగినంత చల్లగా అనిపించింది ఆమెకు. ఆ చల్లదనం అరగంట నిలిచింది. శ్రీవిష్ణు సుద్దముక్కతో భార్య చేతి చుట్టూ గీత గీస్తుంటే, ఆ పిల్ల చక్కిలిగిలికి మెలికలు తిరుగుతూ నవ్వుతుంటే కూడా నిలిచింది. ఆచారి ఉలి అందించి, "కొట్టగూడదు తల్లీ, అడగాల. పువ్వును ముట్టినట్లు ముట్టి అడిగితే అదే దారి ఇస్తాది" అన్నప్పుడు కూడా నిలిచింది. పార్థసారథి వచ్చి ఆమె పక్కన స్టూలు వేసుకొని కూర్చొన్న తర్వాత మాత్రం నిలవలేదు.

"అక్కా, ఒక మంచి మాట. చాగలమర్రి అవతల ఒక ఊళ్లో కొత్తగా గుడి కడతాండారు. మూలమూర్తి, లక్ష్మీనరసింహస్వామి. ఎవరితో చేయించాలని నన్నడిగినారు. ఆచారన్న పేరే చెప్పినా. రాయి గుణం ఆయన మాదిరి తెలిసినోడు ఈ చుట్టుపక్కల లేడంటి. సాయంత్రం ఫోను చేసి ఖాయం చేస్తా."

మహానందమ్మ చేతిలోని గరుకురాయి ఆగిపోయింది. ఆచారి గర్భగుడికి మూర్తి చేసి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లుగా ఆయన ప్రతి ఏకాదశికి అహోబిలం పోయి ఒక్కటే కోరేవాడు: ఇంకొక్కసారి నీ రూపు నా చేత పలికించు స్వామీ అని. ఆ కోరిక ఈ సాయంత్రానికి పండబోతున్నది. ఈలోపల అక్కడ, ఈ పార్థసారథి కళ్ల ముందే, ఆచారి ఎంచిన రాయి మధ్యకు పగలబోతున్నది. రాయి గుణం తెలిసినవాడన్న మాట దానితోపాటే పగులుతుంది. పోనీ, రాయి మంచిది కాదని లేచి చెబుదామా? నీకెట్లా తెలిసిందంటారు. నిజం చెబితే భర్త చెవి సంగతి బయటపడుతుంది. చెవిటి శిల్పికి మూలమూర్తిని ఎవరిస్తారు? పగిలినా పోయేది ఆయన పేరే, పగలకుండా ఆపినా పోయేది ఆయన పేరే. ఈ చిక్కుముడి వేసింది తన తల ఒక్కటే.

ఉలిదెబ్బ పడుతూనే ఉంది. ప్రతి దెబ్బకూ రాయి గొంతు బొంగురుపోతున్నది.

మృదుల చెమట తుడుచుకొంటూ కుండ దగ్గరికి వచ్చింది. "కొంచెం నీళ్లివ్వండి ఆంటీ" అని, తాగి, భర్త వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "మేమిద్దరం కలిసి ఇంతవరకూ ఒక్క పని పూర్తి చెయ్యలేదు తెలుసా? ఇల్లు వెతకడం సగం, ఈత నేర్చుకోవడం సగం. మొన్నైతే నేను మా అమ్మావాళ్లింటికి వెళ్లిపోయా. నిన్న నంద్యాలలో నేను కావాలనే ఓడిపోయి వండితే, ఉప్పు లేదన్నాడు! ఈ రాయి ఒక్కటి నిండుగా ఇంటికి చేరాలాంటీ. ఎందుకో అది పూర్తయితే మేం కూడా..." అని ఆగిపోయింది.

"కావాలనే ఓడినావా?" అని అడిగింది మహానందమ్మ.

"అతను గెలవాలని మొహం అంత చిన్నది చేసుకుంటే ఏం చెయ్యను!"

ఆ పిల్ల మీద ఈర్ష్య పోయిందని చెప్పలేము. ఆ ఎర్రని గోళ్లు చూస్తే ఇప్పటికీ మంటే. కాని పగలబోయేది ఒక్క రాయి కాదని తెలిసింది. మృదుల తిరిగిపోయి, సుద్దతో గీసిన తన బొటనవేలి మొదట్లో ఉలి ఆనించింది. ఎడమచేయి పలక మీద అట్లాగే ఆనుకొని ఉన్నది. శ్రీవిష్ణు సుత్తి ఎత్తాడు.

"ఆపప్పా! ఉలి తియ్, చెయ్యి తియ్!"

షెడ్డంతా ఉలిక్కిపడింది. మణెమ్మ చేతిలో చెంబు జారింది. మహానందమ్మ అప్పటికే పలక దగ్గర ఉన్నది.

"ఏమ్మే, ఏందీ?" అన్నాడు ఆచారి.

"ఆ రాయి పనికిరాదు. లోపల చీలుండాది."

ఆచారి ముఖం ఎర్రబడింది. "ఏందీ పనికిరానిది? నువ్వు తలెత్తితివి గదా!"

మాట జారిన తర్వాత గాని తానేమన్నాడో ఆయనకే తెలియలేదు. పార్థసారథి స్టూలు మీదినుండి లేచాడు.

"ఏందన్నా? అక్క తలెత్తేదేంది?"

"ఏం లేదు సామీ" అన్నది మహానందమ్మ గబగబా. "ఆయప్ప సరిగ్గానే చెప్పబోయినాడు. నేనే అడ్డం పడితి. కుళ్లుకోని చేసినా. తప్పంతా నాది, ఆయన పేరు తియ్యొద్దు."

ఆచారి ఆమెను ఆపలేదు. చెంబెడు నీళ్లు తెచ్చి పలక మీద పోశాడు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఎండకు పలక పైభాగం ఆరింది. ఒక్క గీత మాత్రం తడిగా, నల్లగా నిలిచిపోయింది, వెంట్రుకంత సన్నగా, బొటనవేలి మొదటినుండి మణికట్టు దాకా. మృదుల తన చేతిని కొంగులో దాచుకొన్నది.

"ఆరేండ్లయింది సామీ" అన్నాడు ఆచారి, ఆ గీతనే చూస్తూ. "నాకు రాయి మోత ఇనబడదు. ఈ ఆరేండ్లు నేను తీసిన ప్రతి మూర్తికీ రాయిని ఎంచింది ఆయమ్మ. నేను తట్టేది ఊరకే. నీకు ముందే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ గుడివాళ్లకు వేరే మనిషిని చూపించు."

పార్థసారథి వంగి ఆ తడిగీత వెంట వేలు జరిపి చూశాడు. అర్చకుల ఇంట పుట్టినవాడు; దేవుడి పనిలో దాపరికం ఎంత తప్పో ఎరిగినవాడు. "ఈ మాట వాళ్లకు చెప్పకుండా నేనుండలేను" అన్నాడు చివరికి. "చెప్తా. ఆరేండ్లలో ఒక్క మూర్తికన్నా పగులు వచ్చిందేమో కూడా కనుక్కోని చెప్తా. శాస్త్రం రాయిని ఇనమనింది. ఏ చెవితో ఇనాల్నో అనలేదు. ఆపైన వాళ్ల ఇష్టం, స్వామి ఇష్టం."

ఆ మధ్యాహ్నం కొత్త పలకను మహానందమ్మ ఎంచింది. ఈసారి చాటున కాదు, సుత్తి తానే పట్టుకొని, అందరి ముందర, ఏడు రాళ్లు తట్టి ఎనిమిదోది చూపింది. మొదటినుండి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చినందుకు శ్రీవిష్ణు విసుక్కొన్నాడు. మృదుల ఒక్క చూపు చూసేసరికి కూర్చొన్నాడు. సాయంత్రం నంద్యాలలో ఎక్కవలసిన రైలు వాళ్లకు తప్పిపోయింది. సోమవారం కూడా ఉండి, రెండు చేతులూ పూర్తిచేసి, నునుపు పట్టడం ఆంటీ దగ్గర గంటసేపు కాదు, పూటంతా నేర్చుకొని పోయారు.

వాళ్ల కారు కదిలాక ఆచారి భార్య ఎదుట కూర్చొన్నాడు.

"ఇంత కుళ్లేందే నీకు?"

"ఉండదా? ఇన్నేండ్లలో ఒక్కనాడన్న నాతో అంటివా, పువ్వును ముట్టినట్లు ముట్టు అని?"

"నీకు చెప్పేదేముండాది? నీకు తెలుసు గదా."

"తెలిసినా చెప్పాల."

ఆచారి తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. మణెమ్మ వీపు తిప్పుకొన్నది గాని చెవులు తిప్పుకోలేదు. ఆయన చిన్న ఉలిని తీసి, చొక్కా అంచుతో తుడిచి, భార్య చేతిలో పెట్టాడు. ఏమనాలో తోచక, రాతి వైపు చూస్తూ, చాలా గట్టిగా, చెవి మందగించినవాళ్లు మాట్లాడేటంత గట్టిగా, "పువ్వును ముట్టినట్లు ముట్టు!" అన్నాడు. రహదారి మీద పోయే ఆటోవాడు కూడా తిరిగి చూశాడు.

"ఏమప్పా, మెల్లగా అనేది రాదా?" అన్నది మహానందమ్మ, కాని ఉలి కింద పెట్టలేదు.

గురువారం నాడు గుడివాళ్లు నలుగురు వచ్చారు. వారిలో ఒక పెద్దాయన, ఆడమనిషి చెవి మీద మూలవిరాట్టును నిలబెడతామా అని గొణిగాడు. మహానందమ్మ సుత్తి అందుకొన్నది. క్వారీ నుండి దించిన రాళ్లను ఒక్కొక్కటే తట్టి, అన్నిటినీ పక్కన పెట్టించి, ఇందులో స్వామికి తగినది లేదు, ఇంకో లోడు రానివ్వండి అన్నది. పనికోసం ఆశపడేవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆ ఒక్క మాటకే పెద్దాయన గొణుగుడు ఆగిపోయింది. తర్వాతి లోడులో రాయి దొరికింది. మార్గశిర శుద్ధ పంచమినాడు ఆచారి తొలి ఉలిదెబ్బ వేశాడు. రెండో దెబ్బ ఆయన వెనక్కి జరిగి ఆమెకు వదిలాడు.

ఆదివారాల్లో జంటలు ఇప్పటికీ వస్తున్నాయి. రాతిని ఎంచడం ఇప్పుడు ఆమె నేర్పుతుంది. ఆచారి ఇస్త్రీ చొక్కా మానలేదు. ఏ పట్నం పిల్లకైనా ఆయన అవసరానికి మించి పాఠం చెబుతుంటే, మహానందమ్మ ఉన్నచోటినుండే ఒక దగ్గు దగ్గుతుంది. రాయి మోత వినబడని ఆ మనిషికి ఆ దగ్గు మాత్రం ఏ మూల ఉన్నా వినబడుతుంది.

కొండమీది చెంచులక్ష్మి విభుడు ఆ ఇల్లాలి చెవికి పదునూ, చేతికి బలమూ నిండు నూరేళ్లు ఇచ్చుగాక! ఆమె మగడి నోటికి మరికొన్ని మెత్తని మాటలు అబ్బుగాక! నంద్యాలలో నర్సింగు చదువుతున్న వారి కూతురు సాయిశ్రీకి, తండ్రి తల్లి ముఖం చూసినట్లే తన ముఖం చూసే తోడు దొరుకుగాక! ఆ షెడ్డులో చెక్కిన ప్రతి స్వామీ తాను వెలసిన ఊరిని కాచినట్లే, తాను పుట్టిన ఆ రేకుల కప్పునూ, దాని కింది దీపాన్నీ, ఆ దీపం చుట్టూ ఉన్నవారినీ చల్లగా కాచుగాక!